రావణుడు పడ్డాడు, మళ్ళీ లేచాడు

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర గంటలు. వీధిలో రిక్షా లేదు, కూరల బండి లేదు, పడుకున్న కుక్క తప్ప మరో ప్రాణి లేదు. ఊరంతా ఏమయిపోయిందా అని చూస్తే, టెలివిజన్ పెట్టె వున్న నాలుగైదు ఇళ్ళలో కిటికీల దాకా జనం కిక్కిరిసి వున్నారు. కొందరు ఆ పెట్టెకు పూలదండ వేశారు, ముందు అగరువత్తి వెలిగించారు. చెప్పులు గుమ్మం బయటే విడిచారు. 1987 జనవరి 25వ తేదీ మొదలు 1988 జూలై 31వ తేదీ దాకా మన దేశంలో ఎన్నో ఊళ్ళలో ఆదివారాలు ఇలాగే వుండేవి. దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ తీసిన "రామాయణ్" వచ్చే వేళ అది. మాటలు హిందీలో వుండేవి. మన ఊళ్ళలో చాలామందికి హిందీ రాదు. కాని కథ రానివాళ్ళు ఎవరు? అందుచేత అందరికీ అంతా అర్థమయేది.

పెద్దవాళ్ళు చూసి, దణ్ణం పెట్టుకుని, తమ పనుల్లో పడేవారు. పిల్లలకు మాత్రం అసలు కథ ఆ తరవాతనే మొదలయేది. పెరట్లో వెదురుబద్ద విల్లయేది, పురికొస నారి అయేది, చీపురుపుల్లలు అంపపొదిలోకి చేరేవి. అట్టపెట్టెలు కత్తిరించి, బొగ్గుతో మీసాలు గీసి, రావణుడికి తలకాయలు తయారుచేసేవారు. పది తలలకు అట్ట చాలకపోతే ఆరు తలల రావణుడితోనే సరిపెట్టుకునేవారు. యుద్ధం మొదలయే ముందు ఒక యుద్ధం తప్పనిసరిగా జరిగేది.

"నేను రాముణ్ణి."

"నిన్న కూడా నువ్వే గదరా రాముడివి!"

"అయితే రావణుడెవరు?"

ఎవరూ పలకరు. చివరికి అందరిలోకీ లావుగా వున్నవాడి మెడకు అట్టతలలు తగిలించేవారు. వాడు ముందు మొహం ముడుచుకునేవాడు. కాని నాలుగు పెడబొబ్బలు పెట్టి, రెండుసార్లు వికటంగా నవ్వాక, వాడికి ఆ వేషం వదలబుద్ధి అయేది కాదు. అసలు చిక్కు అప్పుడు వచ్చేది.

"నాకు బాణం తగల్లేదు!"

"తగిలింది! నేను చూశాను!"

"తగిలితే మాత్రం, నా తల మళ్ళీ మొలిచింది!"

ఆ మాటకు రాముడి దగ్గర జవాబు వుండేది కాదు. ఎందుకంటే ఆ తలల సంగతి నిజంగా కథలో వున్నదే!

టీవీలో రావణుడు పడ్డ తీరు

రావణవధ గురించి మన పెద్ద పుస్తకాలన్నీ ఒకే మాట చెప్పవు. వాల్మీకి రామాయణంలో రాముడు రావణుడి తల నరికితే ఇంకొకటి మొలుస్తుంది. అలా నూరు తలలు తెగిపడినా రావణుడు చావడు. అప్పుడు సారథి మాతలి బ్రహ్మాస్త్రం సంగతి గుర్తుచేస్తాడు. అగస్త్యుడు ఇచ్చిన ఆ అస్త్రం రావణుడి గుండెను చీల్చుకుపోతుంది. అధ్యాత్మ రామాయణంలోనూ, తులసీదాసు హిందీలో రాసిన రామచరితమానసంలోనూ సంగతి వేరు. రావణుడి బొడ్డులో అమృతం వున్నదని విభీషణుడు రాముడికి రహస్యం చెబుతాడు. తులసీదాసు రాముడు ఒక్కసారే 31 బాణాలు వేస్తాడు. ఎందుకు 31 అంటారా? లెక్క కట్టండి: బొడ్డుకు ఒకటి, పది తలలకు పది, ఇరవై చేతులకు ఇరవై!

రామానంద్ సాగర్ తన సీరియల్‌కు అన్నిటికన్నా ఎక్కువగా తులసీదాసునే ఆధారం చేసుకున్నాడు. అందుకే టీవీ చూసిన పిల్లలు రావణుడి గుండెకు గాక పొట్టకు గురిపెట్టేవారు.

ఆ రావణుడి వేషం కట్టినవాడు అరవింద్ త్రివేది. 1938లో పుట్టాడు. గుజరాతీ నాటకాల్లో, సినిమాల్లో పేరున్న నటుడు. మొదట ఆయన రావణుడి వేషం కోసం రాలేదు. రాముణ్ణి గంగ దాటించే పడవవాడి వేషం కావాలని వచ్చాడట. ఆయన నడక, గొంతు చూసిన సాగర్‌కు తన రావణుడు దొరికిపోయాడు. గుజరాత్ దక్షిణపు కొసన సముద్రం పక్కన వున్న ఉమర్‌గాఁవ్‌లో చిత్రీకరణ జరిగేది. త్రివేది నిజానికి గొప్ప రామభక్తుడు. రాముణ్ణి తిట్టే మాటలు నోట పలకవలసి వచ్చేది గనక, షూటింగు రోజుల్లో ఉపవాసం వుండి, దేవుడికి దణ్ణం పెట్టుకుని క్షమించమని అడిగేవాణ్ణని ఆయనే చెప్పుకున్నాడు. సీరియల్ అయిపోయిన మూడేళ్ళకు, 1991లో, గుజరాత్‌లోని సాబర్‌కాంఠా ప్రజలు ఆయనను తమ ప్రతినిధిగా లోక్‌సభకు పంపారు. టీవీలో పడిన రావణుడు పార్లమెంటులో లేచి నిలబడ్డాడన్న మాట!

ఇక్కడ మనం ఒక సంగతి జాగ్రత్తగా చూడాలి. తెర మీద రాముడు విల్లు వంచుతాడు. బాణం మంటలు కక్కుతూ ఆకాశంలో పోతుంది. మరుక్షణం అది రావణుడి ఒంటిలో దిగబడి వుంటుంది. రావణుడు తూలి పడిపోతాడు. చూసేవాళ్ళకు ఇది ఒకే సంఘటన. కాని ఇలాంటి దృశ్యాలు తీసేవాళ్ళకు ఇవి మూడు వేరు వేరు ముక్కలు. మొదటి ముక్క తీసేటప్పుడు బాణానికి ఎదురుగా రావణుడు వుండడు. రెండో ముక్కలో మనుషులే వుండరు. ఆకాశం బొమ్మ మీద బాణం బొమ్మను అతికిస్తారు. మూడో ముక్క తీసే ముందే బాణం పుల్లను నటుడి దుస్తులకు బిగిస్తారు. అతను దాన్ని చేత్తో పట్టుకుని తూలుతాడు. తరవాత ఒకరు కూర్చుని ఈ మూడు ముక్కలనూ వరసగా అతుకుతారు. మిగిలిన పని మన మనస్సు చేస్తుంది. మొదటిదాని వెంట రెండోది, రెండోదాని వెంట మూడోది వస్తే, మొదటిది కారణం, మూడోది ఫలితం అని మనమే అనుకుంటాం.

అంటే, ఆ బాణం ఆ మనిషి వైపు ఎన్నడూ పోలేదు!

ఈ మాట గుర్తుంచుకోండి. దీనితో మనకు ముందు పని వున్నది.

టీవీకి ముందే వున్న ఆట

రావణుడి చావును మళ్ళీ మళ్ళీ ఆడి చూపించటం టీవీతో మొదలైన వింత కాదు. కాశీకి ఎదురుగా, గంగకు ఆవలి ఒడ్డున రామనగరం అనే ఊరున్నది. అక్కడ సుమారు రెండు వందల ఏళ్ళుగా ప్రతి సంవత్సరమూ 31 రోజులపాటు రామలీల ఆడుతున్నారు. ఊరే రంగస్థలం. ఒక చోట అయోధ్య, ఒక చోట జనకపురం, దూరంగా ఒక మైదానంలో లంక. నటులతోపాటు జనం కూడా అక్కడి నుంచి ఇక్కడికి నడుస్తారు. మైకులు లేవు, కరెంటు దీపాలు లేవు. దివిటీలు, పెట్రోమాక్సు లైట్ల వెలుగులోనే ఆట.

అక్కడ రావణుడు ఎలా చస్తాడో తెలుసా? నేల మీద పడి కొట్టుకోడు. రాముడి బాణం వెలువడినాక, రావణుడి వేషం కట్టిన మనిషి తన పది తలల తొడుగు తీసేస్తాడు. రాముడి పాదాలకు మొక్కుతాడు. లేచి మామూలు మనిషిలా జనంలో కలిసిపోతాడు. అంతే! రావణుడు చచ్చాడు, మనిషి ఇంటికి పోయాడు. ఆ తరవాత తగలబడేది వెదురుతోనూ, కాగితంతోనూ చేసిన బొమ్మ మాత్రమే. ఇంకొక మర్యాద కూడా వున్నది. ఆ ఉత్సవాన్ని నడిపించే కాశీ మహారాజు దసరానాడు ఏనుగు మీద లంక మైదానం దాకా వచ్చి, ఆగకుండా వెనక్కు తిరిగి వెళ్ళిపోతాడు. ఒక రాజు చావును ఇంకొక రాజు చూడకూడదట!

ఆ కాగితపు రావణులు పుట్టే ఊళ్ళు కూడా వున్నాయి. ఢిల్లీ పడమటి వైపున తితార్‌పూర్ అనే పేట వున్నది. దసరాకు ముందు కొన్ని వారాలపాటు అక్కడి వీధుల పక్కన తలకాయలు ఒక చోట, మొండేలు ఒక చోట, మీసాలు ఒక చోట ఆరబెట్టి వుంటాయి. వెదురుబద్దలను చీల్చి, తాళ్ళతో బిగించి చట్రం కడతారు. దాని మీద గుడ్డ, కాగితాలు జిగురుతో అంటిస్తారు. రంగు కాగితాలతో నగలు పెడతారు. రావణుడు, కుంభకర్ణుడు, మేఘనాథుడు ముగ్గురూ లారీ ఎక్కి తమ తమ మైదానాలకు పోయి కాలిపోతారు.

ఆ బొమ్మ అంత తొందరగా ఎలా అంటుకుంటుంది? లోపల అంతా బోలు గనక. వేడెక్కిన గాలి తేలికయి పైకి పోతుంది. కింది నుంచి కొత్త గాలి లోపలికి దూసుకువస్తుంది. పొయ్యి మీద గొట్టం పెట్టినట్టు బొమ్మే ఒక పొగగొట్టం అయిపోతుంది. లోపల కట్టిన టపాకాయలు పేలుతాయి. టపాకాయలు లేకపోయినా చప్పుడు వుంటుంది. వెదురు కణుపుల మధ్య గాలి, తడి మూతపడి వుంటాయి. వేడికి అవి వ్యాకోచించి, దారి లేక, వెదురును పగలగొట్టుకుని బయటికి వస్తాయి. ఆ చప్పుడే "ఠాప్!" అని వినపడుతుంది.

చావు చూసి నవ్వటమా?

రావణవధ లాంటి గొప్ప ఘట్టం చూసి నవ్వవచ్చునా అని కొందరు కోప్పడతారు. కాని మన పెద్దలు నవ్వుకు చోటు ఎప్పుడో ఇచ్చారు. మన తోలుబొమ్మలాట చూడండి. శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంట గ్రామంలో ఇప్పటికీ ఆ బొమ్మలు చేసే కుటుంబాలు వున్నాయి. తెర మీద రావణుడి బొమ్మ పది తలలతో, రంగురంగుల నగలతో, వెనక దీపం వెలుగులో ధగధగలాడుతూ వుంటుంది. రామరావణులు భీకరంగా పోరాడుతూ వుండగా, మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదికి దూకుతారు. వాళ్ళకు రామాయణంతో పని లేదు. దెబ్బలాడుకుంటారు, పెద్దల మాటలను వెక్కిరిస్తారు, ఊళ్ళో సంగతులు చెబుతారు. నిద్రకు తూగే పిల్లలు పకాలున నవ్వి లేచి కూర్చుంటారు. వాళ్ళు పోయాక యుద్ధం మళ్ళీ సాగుతుంది. నవ్వినందువల్ల రాముడికీ లోటు లేదు, రావణుడికీ లోటు లేదు.

మన పద్యనాటకాల్లో అయితే చచ్చినవాడే లేచి వచ్చేవాడు! నటుడు చివరి పద్యం గొప్పగా పాడి, ప్రాణం విడిచి, రంగం మీద పడిపోతాడు. జనం ఊరుకోరు. "వన్స్ మోర్!" అని కేకలు పెడతారు. శవం లేచి, హార్మోనియం వైపు చూసి, శ్రుతి అందుకుని, అదే పద్యం మళ్ళీ పాడి మళ్ళీ చస్తుంది. ఇలా ఒకే రాత్రి మూడుసార్లు చచ్చిన నటుల కథలు పాత నాటకాల వాళ్ళు చెప్పుకుని నవ్వుకుంటారు.

హాస్యగాళ్ళు చెప్పే కథ ఇంకొకటి వున్నది. ఒక ఊళ్ళో నాటకం ఆడిస్తున్న కాంట్రాక్టరు రావణుడి వేషగాడికి డబ్బు ఎగవేశాడు. యుద్ధరంగం వచ్చింది. రాముడు ఒక బాణం వేశాడు. రావణుడు పడలేదు. ఇంకొకటి వేశాడు, పడలేదు. అంపపొది ఖాళీ అయింది. రావణుడు మీసం మెలేస్తూ నిలబడే వున్నాడు. రాముడు దగ్గరికి వచ్చి, పళ్ళ బిగువున, "అన్నా, కాస్త పడవే, తెల్లవారిపోతున్నది," అన్నాడు.

"నా డబ్బు చేతిలో పడితే నేను నేల మీద పడతాను," అన్నాడు రావణుడు.

రాముడు తెర వెనక్కు పరిగెత్తి, కాంట్రాక్టరు జేబులోంచి డబ్బు తెచ్చి, బాణంతో సహా రావణుడి చేతిలో పెట్టాడు. "ఇదీ అసలైన బ్రహ్మాస్త్రం!" అంటూ రావణుడు సంతోషంగా ప్రాణం విడిచాడు.

ఇప్పటి పిల్లలకు కూడా ఈ సరదా తెలుసు. 2020లో కరోనా జబ్బు వచ్చి దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు, మార్చి 28వ తేదీ నుంచి దూరదర్శన్ ఆ పాత రామాయణాన్నే మళ్ళీ వేసింది. ఏప్రిల్ 16వ తేదీన ఒక్కరోజే 7 కోట్ల 70 లక్షల మంది దాన్ని చూశారని దూరదర్శన్ ప్రకటించింది. అమ్మానాన్నలు చిన్నప్పుడు చూసిందే పిల్లలు చూశారు. అయితే ఈసారి ఇళ్ళలో కెమేరా వున్న ఫోన్లు వున్నాయి. బయటికి పోయే వీలు లేక ఇంట్లోనే లంక వెలిసింది. వంటింటి పళ్ళాలు డాళ్ళయినాయి, దుప్పట్లు ఉత్తరీయాలయినాయి, చీపురు గద అయింది. నాన్న రావణుడై మంచం మీది నుంచి నిదానంగా, నిదానంగా దిండ్ల మీదికి ఒరిగిపోతాడు. అమ్మ నవ్వాపుకుంటూ ఫోను పట్టుకుంటుంది. కొందరు టీవీ రావణుడి బొమ్మకే తమ సొంత మాటలు అతికించి, చస్తూ చస్తూ అతను పరీక్షల గురించీ, కరెంటు బిల్లు గురించీ బాధపడేటట్టు చేశారు.

ఆ నెలల్లోనే ముసలివాడైన అరవింద్ త్రివేది తన ఇంట్లో టీవీ ముందు కూర్చున్న దృశ్యం ఒకటి దేశమంతా తిరిగింది. తెర మీద రావణుడు సీతను ఎత్తుకుపోతున్నాడు. చూస్తున్న రావణుడు రెండు చేతులూ జోడించుకుని వున్నాడు. ఆ తరవాతి సంవత్సరం, 2021 అక్టోబరు 5వ తేదీ రాత్రి, ఆయన ముంబయిలో కన్నుమూశాడు. పది రోజులకు దసరా వచ్చింది. కాగితపు రావణులు మామూలుగానే కాలిపోయారు. కాని ఈ రావణుడి కోసం చాలామంది కన్నీళ్ళు పెట్టుకున్నారు.

ఇందులో వింత లేదు. వాల్మీకి కథలో కూడా రావణుడు పడ్డాక రాముడు అతణ్ణి వెక్కిరించడు. చావుతోనే పగ తీరిందని చెప్పి, అన్నకు అంత్యక్రియలు సరిగా చెయ్యమని విభీషణుడికి చెబుతాడు. మనం నవ్వేది చచ్చినవాణ్ణి చూసి కాదు. చచ్చినట్టు నటిస్తూ ఒక కన్ను తెరిచి చూసేవాణ్ణి చూసి నవ్వుతాం. ఆ కన్ను మూతపడిన చోట నవ్వు ఆగిపోతుంది.

ఆట తప్పిన చోట

అలా నవ్వు ఆగిపోయిన సందర్భాలు కూడా వున్నాయి. వాటిని దాచకూడదు.

టీవీలో పురాణ కథలు చూసి విల్లంబుల ఆటలాడిన పిల్లలు కళ్ళకు గాయాలు చేసుకుని ఆసుపత్రులకు వచ్చారని కంటి డాక్టర్లు వైద్య పత్రికల్లో రాశారు. కొట్టినవాడు పగవాడు కాదు. పక్కింటి నేస్తమో, సొంత తమ్ముడో. బాణం ఇనుపది కూడా కాదు, మన చీపురుపుల్ల లాంటిదే!

అంత చిన్న పుల్ల అంత పని ఎలా చేస్తుంది? ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఒకవైపు చెక్కిన పెన్సిలును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలువుగా పట్టుకుని, చాలా మెల్లిగా నొక్కండి. రెండు వేళ్ళ మీదా పడే బలం ఒక్కటే. కాని మొన వున్న వైపు వేలికి నొప్పి, రెండోవైపు వేలికి ఏమీ లేదు. బలం ఎంత అన్నది ఒక్కటే చాలదు. అది ఎంత చోటు మీద పడిందన్నది కూడా చూడాలి. చోటు తగ్గినకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. మన కంటి నల్లగుడ్డు మీద గాజులాగా వుండే పొర మందం, మధ్యలో, అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. పుల్లమొన చాలు, దాన్ని చీల్చటానికి.

ఈ సూత్రాన్నే తిరగవేస్తే నటుడికి ప్రాణరక్షణ. రంగం మీద పడిపోయేవాడు కొయ్యలాగా పడడు. అలా పడితే ఎముక విరుగుతుంది. ముందు మోకాళ్ళు వంచుతాడు, శరీరాన్ని నేలకు దగ్గర చేస్తాడు. తరవాత పిక్క పక్క, తొడ పక్క, నడుము పక్క, భుజం వెనక భాగం ఒకదాని వెంట ఒకటి నేలకు ఆనిస్తాడు. చేతులు బిగదీసి నేలకు ఆనించడు, తలను నేలకు తగలనివ్వడు. ఒక్క క్షణంలో ఒక్క చోట పడవలసిన దెబ్బ కొన్ని క్షణాల్లో ఎన్నో చోట్లకు పంచుకుపోతుంది. గోడ మీది నుంచి దూకేటప్పుడు మీరు మోకాళ్ళు వంచేది కూడా ఇందుకే.

ఇంకొక దుఃఖకరమైన సంగతి. 2018 అక్టోబరు 19వ తేదీన, దసరా సాయంత్రం, పంజాబులోని అమృతసర్‌లో జనం రైలుపట్టాల మీద నిలబడి రావణుడి బొమ్మ కాలటం చూస్తున్నారు. టపాకాయల చప్పుడులో వాళ్ళకు రైలు వచ్చేది వినపడలేదు. సుమారు 60 మంది చనిపోయారు. అక్కడి రామలీలలో రావణుడి వేషం కట్టిన యువకుడు కూడా వాళ్ళలో వున్నాడని పత్రికలు రాశాయి. ఆటలో పడి లేచి ఇంటికి పోవలసిన మనిషి లేవలేదు.

చూశారా! రావణవధ ఆటకు అన్నిటికన్నా పెద్ద నియమం రాముడికి సంబంధించింది కాదు, బాణానికి సంబంధించింది కాదు. పడిన రావణుడు లేవాలి. రామనగరంలో అతను తొడుగు తీసి నడిచిపోతాడు. పద్యనాటకంలో లేచి ఇంకోసారి పాడతాడు. టీవీ రావణుడు లేచి, ఒంటికి బిగించిన బాణం తీసేసి, భోజనానికి పోతాడు. ఆ లేవటం మనకు చూపించరు. ముక్కల మధ్య అతుకులు కనపడవు. కనపడినదాన్ని మాత్రమే అనుకరిస్తే చీపురుపుల్ల కంటికి తగులుతుంది. కనపడనిదాన్ని కూడా అనుకరించినవాడే గట్టి నటుడు.

ఈ దసరాకు మీరు కూడా రావణవధ ఆడండి. నారి లాగండి, కాని విల్లు మీద బాణం వద్దు. నారి "ఠంగు"మన్నప్పుడు ఒకడు డబ్బా మీద దరువు వేస్తే చాలు, బాణం పోయిందని అందరూ ఒప్పుకుంటారు. రావణుడికి బాణం పుల్లను ముందే చొక్కాకు తగిలించి, ఉత్తరీయం కప్పండి. దరువు వినగానే అతను ఉత్తరీయం తొలగిస్తే చూసేవాళ్ళు ఉలిక్కిపడతారు. కింద గడ్డి గాని, పరుపు గాని వెయ్యండి. నిప్పు పని పెద్దవాళ్ళకే వదిలెయ్యండి.

బాణం నిజంగా వెయ్యకపోతే ఆట ఏముంది అంటారా? పూర్వం మన కోస్తా జిల్లాల్లో దసరాకు బడిపిల్లలు రంగుకాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకుని, పంతులుగారి వెంట ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడేవారు. ఆ బాణాలు వదిలితే ఎదుటివాళ్ళ మీద రాలేవి పూలూ, బుక్కాయే. పంతులుగారికి మామూలు, పిల్లలకు పప్పుబెల్లాలు దొరికేవి. మన తాతల బాణాలు అలాంటివి!

ఆట అయిపోయాక అట్టతలలు విప్పి, రావణుడికి చెయ్యి అందించి లేపండి. వాడు లాగు దులుపుకుని తప్పకుండా ఒక మాట అంటాడు:

"రేపు నేను రాముణ్ణి!"

ఒప్పుకోండి. న్యాయం అదే.